పిడికెడు బియ్యం మీద ఒక్క మాట

సాయమ్మ ఇంట్ల బియ్యం నేరుగ పొయ్యి మీదికి పోవు. గిన్నెతోని కొలిచి చాటల పోస్తది, రాళ్లు ఏరుతది, కడిగే ముందర ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన ఉన్న సత్తు డబ్బల వేస్తది. అది దేవుని బియ్యం. అలంపూర్ తొవ్వల ఉన్న ఆ ఊర్ల, చర్చికి పోయే ఆడోళ్లందరు చేసే పనే అది. నెల తిరిగేసరికి ఎవరి డబ్బ వాళ్లు తీస్కపోయి చర్చిల ఉన్న పెద్ద సంచిల గుమ్మరిస్తరు. దాంట్లకెల్లే దిక్కులేని ముసలోళ్లకు ఇంత పోస్తరు, స్తుతి కూడిక నాడు సంఘమంతటికి బువ్వ వండుతరు.

సాయమ్మ ఇంట్ల ఇంకొకటి కూడ ఉండె. పిడికెడు డబ్బల పడక ముందు, చెయ్యి డబ్బ మీద ఆపి, ఒక్క మాట బయటికి చెప్పాలె. ఆ దినం కండ్లతోని చూసిన మేలు ఒకటి. ఆమె అత్త జమ్ములమ్మ పెట్టిన పద్ధతి అది.

"నిన్నటిది చెల్లదు," అనేది జమ్ములమ్మ, కొత్తగ కాపురానికొచ్చిన కోడలితోని. "నిన్నటి అన్నం ఇయ్యాల పెడ్తే నీ మొగడు తింటడా? మరి దేవునికి మాత్రం పాసిపోయింది పెడ్తవా? ఇయ్యాల ఏం చూసినవో అది చెప్పు."

"ఏం చూడలేదత్తా. పొద్దంత పత్తిచేన్ల వంగే ఉన్న."

"వంగే ఉన్నవు, నడుమైతే విరగలే గదా. అదే చెప్పు మరి!"

సాయమ్మది పెబ్బేరు దిక్కు. మూడు తరగతులు చదివింది, ఆనక బర్లెంబడి పోయింది. పదారేండ్లకు మల్లయ్యను చేసుకోని రెండు నదుల నడుమనున్న ఈ నడిగడ్డకొచ్చింది. ఇక్కడ విత్తనాల పత్తి. పొద్దు పొడవక ముందే చేన్లకు పోయి, ఒక్కొక్క పువ్వు వొలిచి, ఇంకో పువ్వు తెచ్చి దాని మీద రాసి, దారం కట్టాలె. గట్ల వేల పూలు చేతుల మీదికెల్లి పోయినయి. ముగ్గురు పిల్లలు పుట్టిన్రు, ఒక్క సాంసనే దక్కిండు.

రెండు వేల తొమ్మిదిల తుంగభద్ర ఊర్లకొచ్చినప్పుడు, అందరు బొంతలు బిందెలు ఏరుకుంటుంటే జమ్ములమ్మ ఆ సత్తు డబ్బ నెత్తిన పెట్టుకోని బడి డాబా ఎక్కింది. మూడో దినం ఎవరో తెచ్చిచ్చిన నానిన బియ్యంలకెల్లి పిడికెడు తీసి, "ఇయ్యాల నీళ్లు ఒక్క మెట్టు దిగినయి, స్తోత్రం," అన్నది. చుట్టూ ఉన్నోళ్లు నవ్విన్రు. ఇండ్లు మునిగి ఏడుస్తుంటే ముసల్ది మెట్లు లెక్కపెడ్తుంది చూడున్రి అన్నరు. ఆ వరద పోయినంక ఎత్తు మీద కాలనీ ఇల్లు వచ్చింది. రెండు అర్రలు, పైన స్లాబు. ముసలామె అందులనే కన్ను మూసింది. డబ్బ, మాట రెండు సాయమ్మకు వచ్చినయి.

ఈ జనవరిల సాంసన్ పోయిండు. పుణెల బిల్డింగు పనికి పోయినోడు ఐదో అంతస్తు మీదికెల్లి పడ్డడు. పెండ్లయి ఏడాది తిరగలే. పెండ్లాం నిరోషకు అప్పుడు మూడో నెల.

ఆ దినం సంది సాయమ్మ పిడికెడు మానలేదు. చెయ్యి దాని పని అది చేస్తుండె. మాట మాత్రం పోయింది. బియ్యం డబ్బల పడ్డ చప్పుడు తప్ప పొయ్యి కాడ ఇంకే చప్పుడు లేదు. మల్లయ్య అది గమనించిండు. ఆయన కూడ మాట్లాడుడు తక్కువ చేసిండు.

జూలైల నిరోషకు మొగపిల్లగాడు పుట్టిండు. నిరోషకు తల్లి లేదు, అందుకని కాన్పు అత్తగారింట్లనే. లోపలి అర్రల నులక మంచం, పక్కన చీర తొట్టెల. బాలింతకు ఈదురు తగలొద్దని కిటికి సందులల్ల పాత గుడ్డలు కుక్కి, దర్వాజ దగ్గరికేసి ఉంచుతుండె సాయమ్మ. పిల్లగానికి ఇంక పేరు పెట్టలే. స్తుతి కూడిక నాడు చర్చిల పెడ్తమన్నరు. అప్పటిదాక బుడ్డోడు. వాడు ఏడిస్తే కాలనీ ఆ మూల నుంచి ఈ మూల దాకా ఇనొస్తుండె. "సాంసన్ కంటే ఎక్కువ గొంతుందిరా నీకు," అని మల్లయ్య ఒక్కసారి నవ్విండు. జనవరి తర్వాత ఆయన నవ్వింది అదే.

ఆ ఇంట్ల మిగిలింది ఆ గొంతొక్కటే. సాయమ్మకు అది తెలుసు. అందుకే డబ్బ కాడ ఎన్నడు దాని మాట తియ్యలే.

సెప్టెంబరు మొదట్ల ముసురు పట్టింది. నాలుగు దినాలు ఎడతెగని వాన. స్తుతి కూడిక ఆదివారం అనంగ శుక్రవారం పొద్దెక్కినంక, ఇందిరమ్మ ఇంకో ఇద్దరు ఆడోళ్లతోని బియ్యం సంచి మోసుకుంట వచ్చింది. ఇందిరమ్మ సంఘ పెద్ద దేవదాసు పెండ్లాం. ముగ్గురు నిలువెల్ల తడిసి ఉన్నరు.

"సాయమ్మక్కా, జర చెయ్యి పట్టు! చర్చి రేకులు జల్లెడైనయి. సంచి అడుగు అప్పుడే తడిసింది. ఊర్ల కురవని ఇల్లు నీదొక్కటేనాయె."

"ఇక్కడ పెట్టకు ఇందిరమ్మా, బయటి అర్రల జల్లు కొడ్తది. లోపట పెట్టున్రి, బిడ్డ మంచం పక్కన. అక్కడ పొడి ఉంటది."

చుట్ట తాక్కుంట కూసున్న మల్లయ్య తల తిప్పిండు. "బాలింత పండే కాడ సంచేందే? ఇల్లా, గోదామా?"

"దేవుని బియ్యం. తడవనిస్తనా?"

"నీ ఇష్టం. నా మాట ఎన్నడిన్నవు."

సంచి లోపలికి పోయింది. నిరోష తలాపున గోడకానిచ్చి పెట్టిన్రు. పోయేటప్పుడు ఇందిరమ్మ కొంగు పిండుకుంట అన్నది, "అక్కా, మూతి విప్పొద్దని చెప్పిండు మా ఆయన. ఆదివారం ఆయనొచ్చే దాకా."

సాయమ్మకు సుర్రుమన్నది. "ఎందుకంట? నేనేమన్న బుక్కుతననా?"

"అయ్యో, గట్లెందుకంటనక్కా. పొద్దుగాల పెబ్బేరు పోయేటప్పుడు గడప కాడ చెప్పి పోయిండు, చర్చిల సంచి మూతి విప్పకున్రి అని. రేపు సంత గదా, ఎడ్లు కొనాలెనంట. ఎడ్ల మీదున్న సోయి ఆయనకు నా మీద గూడ ఉండదు, ఇగ సంచి గురించి ఏం చెప్తడు?"

అందరు నవ్విన్రు. సాయమ్మ గూడ కొంచెం నవ్వింది.

పోయినేడు స్తుతి కూడిక నాడు బియ్యంల పురుగు పడింది. ఆడోళ్లు చెరుగలేక చేతులు పడిపోయి దేవదాసును నాలుగు మాటలన్నరు. ఈసారి మాట పడొద్దని, దేవదాసు గద్వాలల ఒక దుకాణంల పురుగు సచ్చే గోళీలు అడిగి తెచ్చిండు. గురువారం మాపటికి గుడ్డపేలికల్ల మూటగట్టి, సంచి నడుమల దాకా చెయ్యి పెట్టి దాచి, మూతి బిగించి కట్టిండు. చర్చిల మనిషి ఉండడు, కూడిక నాటికి తీసేద్దమనుకున్నడు. ఆ గోళీలకు తడి తగిలితే కంటికి కనపడని విషపు గాలి లేస్తదని, మూసిన అర్రల అది మనిషిని గూడ తీస్కపోతదని దుకాణపోడు చెప్పిండో లేదో. చెప్పినా ఆయన ఇన్నడో లేదో. సంచి చర్చిల ఉన్నదనే దేవదాసు పెబ్బేరుల నిమ్మలంగ ఉన్నడు. సంచిల ఉత్త బియ్యమే ఉన్నదని సాయమ్మ దర్వాజ దగ్గరికేసింది.

ఆ మాపటికి ఆమె వంటకు కూసుంటే లోపలికెల్లి నిరోష పిలిచింది.

"అత్తమ్మా, ఒకటి అడుగుతె తిట్టవు గదా?"

"అడుగు బిడ్డా."

"నువ్వు బియ్యం వేసేటప్పుడు ఏదో ఒకటి అంటుంటివంట గదా. ఆయన చెప్పిండు. చిన్నప్పుడు నిద్ర లేసి గూడ లేవనట్టు పండుకోని, ఇయ్యాల అమ్మ ఏమంటదో అని ఇంటుండెనంట. ఒకనాడు 'నా కొడుకు ఇయ్యాల చెడ్డీ తడపలే, స్తోత్రం' అన్నవంట. సిగ్గుతోని సచ్చిన అన్నడు."

సాయమ్మ చేతిల చాట ఆగింది.

"వీడు గూడ ఇంటడు అత్తమ్మా," అన్నది నిరోష. "ఏదో ఒకటి అనరాదూ."

చాలసేపు పొయ్యిల పుల్లలు సరిచేసుకుంట కూసున్నది సాయమ్మ. అనాలంటే చూడాలె. ఎనిమిది నెలల సంది ఆమె దేన్నీ చూడలే. తల ఎత్తి ఇల్లంత చూసింది. ముసురు పట్టిందంటే చాలు, లోపలి అర్ర గోడ ఎంబడి చీమలు బారు కట్టి బియ్యం డ్రమ్ముల పడ్తయి. పొద్దుగాల గూడ బారు ఉండె. ఇప్పుడు లేదు. గోడ సాపుగ ఉన్నది.

పిడికెడు డబ్బ మీద ఆపింది.

"ఇయ్యాల చీమలు లేవు," అన్నది. "స్తోత్రం."

లోపట నిరోష కిసుక్కున నవ్వింది. "ఇన్నవారా బుడ్డోడా, చీమలకంట!"

పొయ్యి పొగల సాయమ్మ కండ్లు తుడుసుకున్నది. మనసుల ఎక్కడో భయం కదిలింది గాని, అది పాత భయమే అనుకున్నది.

శనివారం పొద్దుగాల లోపలి అర్ర ఊడుస్తుంటే సంచి కింద బల్లి ఎల్లెలకల పడి ఉన్నది. చీపురుతోని బయట పారేసింది. అర్రల ఏదో వాసన, మురిగిన ఎల్లిపాయ లెక్క. బాలింతకు మూడు పూటలా ఎల్లిపాయ కారమే పెడ్తుండె గనక కంచం కడగలేదేమోనని చూసింది. కంచం కడిగే ఉన్నది. మంచం కింద గూడ చూసింది. ఏం లేదు.

"అత్తమ్మా, తల పలుగుతుంది," అన్నది నిరోష.

"ఈదురు తగిలింది బిడ్డా. కిటికి గుడ్డ జారినట్టుంది." గుడ్డను గట్టిగ లోపలికి కుక్కింది సాయమ్మ. తలకు గుడ్డ కట్టి, పాలు తాగుతున్న బుడ్డోని మొఖం చూసింది. నాలుగు దినాల సంది ముసురుకు ఈగలు ముసిరి, కొంగుతోని ఇసురుతనే ఉండె. ఇయ్యాల వాని మొఖం మీద ఒక్క ఈగ లేదు.

పొద్దటి వంటప్పుడు అదే చెప్పింది. "ఇయ్యాల బిడ్డ మీద ఈగ వాలలే. స్తోత్రం." ఈసారి మాట జర సులువుగ వచ్చింది.

పగటాల్ల ఇమ్మానుయేల్ పాస్టరు గొడుగేసుకోని వచ్చిండు. ఆయనను ఊర్లందరు అయ్యగారు అంటరు. బాలింత ఇల్లని బయటి అర్రలనే కూసున్నడు.

"వందనాలు అయ్యగారు."

"వందనాలమ్మా. అబ్బ, ఎల్లిపాయ కారం ఘాటు వీధిల దాకా కొడ్తుంది! నా పెండ్లానికి గూడ జర నేర్పు." నవ్వి, గొంతు తగ్గించి, "రేపు నువ్వు లేసి సాక్ష్యం చెప్పాలె సాయమ్మా. దేవుడు మనుమణ్ణి ఇచ్చిండు. నీ నోటెంట వస్తే పదిమందికి బలం."

"నాతోని కాదయ్యగారు."

"సుఖంగ ఉన్నోళ్లు చెప్పే స్తోత్రం ఏమంత గొప్పది? నీలాంటోళ్లు చెప్తెనే..."

"నా కొడుకు పడ్డందుకు చెప్పమంటరా?"

"పడ్డందుకు కాదమ్మా, అట్లెవరంటరు." పాస్టరు గొడుగు కొసతోని నేల మీద నీళ్లు కదిలించిండు. "అంత చీకట్ల గూడ ఆయన చేసే మేలు ఏదో ఒకటి కనపడ్తది అంటున్న."

సాయమ్మ ఎవ్వరికి చెప్పని మాట, మల్లయ్యకు గూడ చెప్పని మాట, ఆ దినం చెప్పింది.

"ఆనాడు పొద్దుగాల ఏడింటికి ఫోన్ చేసిండయ్యగారు వాడు. చాయ్ తాగిన్నే అమ్మా అన్నడు. నేను పదింటికి వంటకు కూసున్న. పిడికెడు పట్టుకోని, ఇయ్యాల నా కొడుకు గొంతు ఇన్న, స్తోత్రం అన్న. ఆనక తెలిసింది, వాడు తొమ్మిదింటికే పడ్డడని. నేను స్తోత్రం అనేటప్పటికి వాడు లేడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "ఇగ మంచి మాట అనాలంటె దడ. అన్ననంటె ఏదో అయితదని."

పాస్టరు ప్రార్థన చేసిండు. చిన్నగనే చేసి, గొడుగు తీసుకోని పోయిండు.

ఆయన పోయినంక నిరోష రెండుసార్లు కక్కింది. మంచం మీదికెల్లి లేవబోతే కాళ్లు తేలిపోయినయి. ఇందిరమ్మ వచ్చి చూసి, "బాలింత వాతం అక్కా. దర్వాజ గట్టిగ మూసి, కప్పి పండబెట్టు. చెమట పడ్తె పోతది," అన్నది. సాయమ్మ ఇంకో బొంత కప్పింది. దర్వాజ మూసింది.

నాలుగు గంటలకే మబ్బుకు ఇల్లు మసకబారింది. మల్లయ్య వాగు చూసొచ్చి కాళ్లు కడుక్కుంటుండె.

"రోడ్డు మీదికొచ్చింది నీళ్లు. బస్సులు బంద్ అయినయి. ఇంకో గంట పడ్తె ట్రాక్టరు గూడ దాటదు."

"మరి దేవదాసన్న ఎట్లొస్తడు రేపు?"

"రాడు. ఎడ్లతోని అక్కడనే ఉంటడు, వాటికే బోధ చేసుకుంట."

సాయమ్మ చాటల బియ్యం పోసింది. రాళ్లు ఏరింది. పిడికెడు తీసింది. ఇయ్యాల ఏం చూసిన అని మనసుల ఎతికింది. పొద్దు చెప్పింది మళ్ల చెప్పొద్దు. ఇల్లు సప్పుడు లేకుండ ఉన్నది. వాన చినుకు తప్ప ఇంకేం ఇనబడ్తలేదు. అదే చెప్దమనుకున్నది. రెండు దినాల సంది నిద్ర లేని నిరోష పండుకున్నది, వాడు గూడ తల్లిని సతాయిస్తలేడు. మంచిదే గదా.

చెయ్యి డబ్బ మీద ఆపింది.

"ఇయ్యాల పగటాల్ల సంది బుడ్డోడు ఏడ్వ..."

లోపలి అర్ర దర్వాజ దిక్కు తల తిప్పింది.

పగటాల్ల సంది. పాలకు ఏడ్వలే. పొత్తిగుడ్డ తడిస్తే ఏడ్వలే. వాడు ఏడ్వకుండ గంట ఉండడు.

చీమలు లేవు అన్నది. ఈగ లేదు అన్నది. బల్లిని తనే ఊడ్చింది. ఆ అర్రల కదిలేవన్ని ఒక్కొక్కటే ఆగిపోయినయి, ప్రతిదానికి తను స్తోత్రం చెప్పుకుంట కూసున్నది.

పిడికిలి విడిపోయి బియ్యం నేల పాలైనయి. సాయమ్మ ఉరికిపోయి దర్వాజ తన్నింది. ఎల్లిపాయ వాసన గుప్పుమని మొఖానికి కొట్టింది, కండ్లు తిరిగినయి. తొట్టెలల బుడ్డోడు బట్టమూట లెక్క ఉన్నడు. పెదవులు కమిలిపోయినయి. ఎత్తుకుంటే మెడ ఎనకకు వాలింది. కంటి రెప్ప ఒక్కటి సగం కదిలింది.

"ఇగో! ఇంటున్నవా! నిరోషను గుంజు బయటికి!"

"ఏమైందే?"

"ఈ అర్రల ఏదో ఉన్నది. గుంజు ముందు!"

కొంగు గూడ కప్పకుండ నలభై దినాల పసిగుడ్డును వాన నడుమలకు తీస్కపోయింది. ఎనకనే మల్లయ్య కోడలు చంకల కింద చేతులేసి ఈడ్చుకుంట వచ్చిండు. కాలనీ ఆడోళ్లు దర్వాజలల్లకెల్లి అరిచిన్రు. "పిచ్చి లేసిందా సాయమ్మా! బాలింతను వానల పండబెడ్తవా! పసిగుడ్డు సస్తడే!" సాయమ్మ పిల్లగాని మొఖం గాలికి పెట్టి, అరికాళ్లు రాస్తనే ఉన్నది.

ఇందిరమ్మ ఉరికొచ్చింది. సాయమ్మ ఆమె మొఖం సూటిగ చూసి అడిగింది.

"మూతి ఎందుకు విప్పొద్దన్నడు?"

"ఏ మూతి?"

"సంచి మూతి! ఇప్పుడే ఫోన్ చేసి అడుగు మీ ఆయనను!"

ఇందిరమ్మ ఫోన్ కలిపింది. పెద్దగ ఇనొచ్చేటట్టు పెట్టింది. అటుపక్క సంతల గొడ్ల అరుపులు.

"ఏందే, ఎద్దు పండ్లు చూస్తున్న. మళ్ల చేస్త."

"నువ్వు చర్చిల సంచిల ఏం పెట్టినవు?"

"పురుగుకు గోళీలు. ఎందుకు?"

"సంచి చర్చిల లేదు. సాయమ్మక్క ఇంట్ల ఉన్నది. నిరోష తలాపున. నిన్నటి సంది."

అటుపక్క గొడ్ల అరుపుల నడుమల దేవదాసు గొంతు, ఆయనది కానట్టు వచ్చింది. "బయటికి తియ్యిన్రి. మనుషులను బయటికి తియ్యిన్రి. అయ్యో ప్రభువా."

వాగు అవతల దాకనే అంబులెన్సు వస్తదన్నరు. చేను ఆసామి గణేష్ ట్రాక్టరు తీసిండు. ట్రాలీల నిరోషను పండబెట్టి, మల్లయ్య ఆమె తల ఒడిల పెట్టుకున్నడు. సాయమ్మ బుడ్డోణ్ణి రొమ్ముకు కరుసుకోని కూసున్నది. వాగుల నీళ్లు ఎర్రగ, టైర్ల మీదికొచ్చి కొడుతున్నయి. నడుమల ఇంజను ఒక్కసారి దగ్గింది. గణేష్ "ప్రభువును అడగమ్మా, మీ ప్రభువును అడుగు," అని అరిచిండు. సాయమ్మ ఏం అడగలే. పిల్లగాని ముక్కు కాడ చెంప ఆనిచ్చి, ఊపిరి తగుల్తుందా లేదా అని, ప్రతి ఊపిరికి ఒక్కసారి కండ్లు మూసి తెరుస్తుండె. ఒకటి తగిలింది. ఇంకొకటి తగిలింది. మూడోది ఆలస్యమైంది. తగిలింది.

గద్వాల దవాఖానల ఇద్దరికి ఆక్సిజన్ పెట్టిన్రు. డాక్టరమ్మ బయటికొచ్చి సూటిగనే చెప్పింది.

"ఈ గోళీల విషానికి విరుగుడు మందు లేదమ్మా. గుండె మీద పనిచేస్తది. తల్లి తేరుకుంటది. బాబు చిన్నోడు. రెండు మూడు దినాలు చూస్తెగాని చెప్పలేము. ఎవరు గుర్తుపట్టిన్రు?"

"ఏడ్వలే," అన్నది సాయమ్మ.

ఆదివారం స్తుతి కూడిక జరిగింది గాని బువ్వ వండలే. అయ్యగారు దవాఖానకు ఫోన్ చేసి, దేవుడు చేసిన గొప్ప కార్యం సంఘానికి చెప్పమంటవా అని అడిగిండు.

"అది చెప్పకున్రి అయ్యగారు. వాడు ఇంక గండం దాటలే. ఎవరెవరి ఇండ్లల్ల ఆ గోళీలున్నయో అడగున్రి. డ్రమ్ములల్ల, గుమ్ములల్ల, ఎక్కడున్నా బయట పారేయమనున్రి. పిల్లలు పండే అర్రలల్ల ముందు చూడమనున్రి. ఇయ్యాల వాక్యం అదే చెప్పున్రి."

ఆ దినం అడిగితే కాలనీల ఆరు ఇండ్లల్ల గోళీలు బయట పడ్డయి.

సోమవారం పొద్దుగాల బుడ్డోడు ఏడ్చిండు. అది పాత ఏడుపు కాదు. సన్నగ, పిల్లి కూన లెక్క, రెండుసార్లు. నర్సమ్మ గూడ ఉరికొచ్చింది. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి ఇన్నది, మొఖం మాత్రం విప్పలే. "చూద్దం," అన్నది. నిరోష లేసి కూసున్నది, పాల కోసం తడిమింది.

వాగు తగ్గింది. కోడలికి ఇంత పత్తెం బువ్వ వండుకోని పోదమని సాయమ్మ మొదటి బస్సుకు ఊరికొచ్చింది. ఇంటి ముందర దేవదాసు నిలబడి ఉన్నడు. కాళ్లు మోకాళ్ల దాకా బురద. సంచిని ఊరవతల గుంత తీసి పూడ్చొచ్చిండు. సంఘం ఏడాది పిడికెళ్లన్ని ఆ గుంతల పోయినయి.

"సాయమ్మా," అన్నడు. తల ఎత్తలే. "నేను ఒక్క మాట సరిగ చెప్పి పోతే ఇంత కాకపోవు."

"చెప్పకపోతివి."

"నన్నేమన్న అను."

సాయమ్మ ఆయన దిక్కు చూసింది. అనడానికి చాలా ఉండె. "దర్వాజ మూసింది నేనన్నా," అన్నది. "కిటికిల గుడ్డ కుక్కింది నేను. నిన్ను అనుడు అయితదా నాకు? పో. అవతలి ఊరి సంఘానికి గూడ పోయి చెప్పు గోళీల సంగతి. అక్కడ గూడ బాలింతలున్నరు."

ఆయన పోయిండు. వానల్నే పోయిండు.

లోపలి అర్ర దర్వాజ, కిటికి రెండు దినాల సంది బార్ల తెరిచి ఉన్నయి. తొట్టెల గాలికి ఊగుతుండె. ఆమె అటు చూడలే. పొయ్యి ముట్టించింది. చాటల బియ్యం పోసింది. శనివారం జారిపోయిన గింజలు పొయ్యి చుట్టు నేల మీద అట్లనే ఉన్నయి.

పిడికెడు తీసి డబ్బ మీద ఆపింది. మళ్ల అదే దడ. ఇక్కడ తను అనేటప్పటికి అక్కడ ఏమై ఉంటదో. బస్సెక్కి గంట దాటింది. నిరోష కాడ ఫోన్ ఉన్నది, ఇక్కడ తన ఫోన్ మోగలే. మోగకపోవుడు మంచికో చెడ్డకో తెల్వదు. పిడికిలి మూసుకోని, మోగే దాకా ఆగుదమా అనుకున్నది.

అత్త గొంతు గుర్తుకొచ్చింది. ఇయ్యాల ఏం చూసినవో అది చెప్పు. ఏమైతదో చెప్పమనలే ముసలామె ఎన్నడు.

"ఇయ్యాల పొద్దుగాల ఏడ్చిండు," అన్నది సాయమ్మ. "రెండుసార్లు ఏడ్చిండు. నా చెవులతోని ఇన్న. స్తోత్రం."

బియ్యం డబ్బల పడ్డ చప్పుడైంది.

బువ్వ ఉడికింది, టిఫిను సర్దింది. డబ్బకు మూత పెట్టబోయి వంగి చూసింది. దర్వాజ గడప మీదికెల్లి సన్నగ చీమల బారు ఒకటి లోపలికొస్తుంది. పొయ్యి కాడ పడ్డ గింజల దాకా వచ్చినయి. ఒక చీమ తనకంటే పెద్ద బియ్యం మెరిగెను ఎత్తబోతుంది, పడేస్తుంది, మళ్ల ఎత్తుతుంది.

సాయమ్మ వాటిని దులుపలే. బారు తొక్కకుండ దాటి, దర్వాజ తెరిచే పెట్టి, బస్సు కోసం గబగబ నడిచింది.